వెర్నా సావ్‌చుక్ చూసిన పొగ

మిత్రులారా, హెరన్ ఫోర్డ్ ఊరి పెద్దలారా, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులారా,

ఊరు ఖాళీ చేయడానికి సిద్ధంగా ఉండమని హెచ్చరిక వచ్చి నేటికి పన్నెండు రోజులు. సామాన్లన్నీ బండ్లలోకి ఎక్కించుకుని కూడా, ఈ మధ్యాహ్నం మీరు ఇక్కడికి వచ్చారు. వెర్నా సావ్‌చుక్ కోసం వచ్చారు. మన కవయిత్రి, మన నవలాకారిణి, ఇరవై ఆరు వేసవులు మన అడవికి కాపలా కాసిన మనిషి మొన్న శుక్రవారం ఆసుపత్రిలో కన్నుమూసింది. నది అవతల ఆ అడవి మంట ఇంకా ఆరలేదు. నాకు భయంగా ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

నేను మీకు తెలుసు. డ్వేన్ ఫ్రీసెన్. అటవీ కార్యాలయంలో రేడియో దగ్గర కూర్చునేవాణ్ణి. అడవిలో పొగ లేస్తే కనిపెట్టే కాపలా టవర్ల నుంచి ఏ కబురొచ్చినా మొదట చేరేది నా చెవికే.

వెర్నా మే నెలలో టవరెక్కితే సెప్టెంబరులో దిగేది. నూరడుగుల ఎత్తున, చుట్టూ అద్దాలున్న చిన్న గది. పదిహేను నిమిషాలకోసారి లేచి నాలుగు దిక్కులూ చూడాలి. ఆ మధ్యలో రాసేది. అందుకే ఆవిడ కవితలు అంత పొట్టివి. నవలలు చలికాలానికి, లాండ్రీ కొట్టు వెనక ఉన్న ఆ ట్రైలర్ ఇంట్లో, కాళ్ళకు రెండు జతల మేజోళ్ళు తొడుక్కుని. టొరంటోలో పెద్ద బహుమతి ఇచ్చి, మీకు ప్రేరణ ఏమిటని అడిగారట. "పొగ కనబడని రోజున నాకు వేరే పనుండదండీ, అందుకని" అని చెప్పి కూర్చుందట. పేపరు వాళ్ళు అది వినయం అనుకున్నారు. వినయం కాదు, ఉన్నమాట.

మరి మనం ఆవిణ్ణి ఎలా చూశాం? రెండో నవలలో ఆవిడ మన ఊరిని తగలబెట్టింది. వీధి తర్వాత వీధి. మిల్లు, చర్చి, బెర్నీస్ హోటలు. పేర్లు కాస్త మార్చింది, అంతే. బెర్నీస్, ముందు వరసలోనే ఉన్నావు, కోప్పడకు. "నా హోటలు తగలబెట్టినదానికి నేను కాఫీ పొయ్యాలా? బూడిద కలుపుకుని తాగమను" అన్నావు. ఏడాది పాటు పోయలేదు. వెర్నా మాత్రం రోజూ వచ్చి, అదే బల్ల దగ్గర కూర్చుని, సొంత ఫ్లాస్కులోది తాగి, నీకు నమస్కారం పెట్టి వెళ్ళేది.

ఇళ్ళ చుట్టూ స్ప్రూస్ చెట్లు ఎండిపోయి ఉన్నాయి, నిప్పురవ్వ పడితే అంటుకుంటాయి, కొట్టించండి అని ఊరి సభలో ఆవిడ లేచి చెబితే ఏమన్నాం? "పుస్తకం అమ్ముడుపోవడం లేదా వెర్నా?" అన్నాం. ఎవరన్నారు ఆ మాట? నేనన్నాను. మీరు నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. "పిరికిదాన్నేరా నాయనా. భయపడ్డానికే కదా నాకు జీతమిస్తున్నారు" అంది.

ఇక చెప్పవలసింది చెప్పాలి. జూన్ పదిహేడు, మధ్యాహ్నం రెండూ నలభై. రేడియోలో వెర్నా. నైరుతి దిక్కున పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో పొగ, రంగు బూడిద, అంది. ఆ వైపు కంకర రోడ్డు ఉంది. లారీలు వెళ్ళినప్పుడు దుమ్ము అలాగే లేస్తుంది. దుమ్మేమో, ఇంకోసారి చూడు అన్నాను. అక్కడితో ఊరుకున్నానా? "నవలకి రెండో భాగమా ఏంటి?" అని కూడా అన్నాను.

అప్పుడు వెర్నా అన్న మాట ఇది. "కథైతే ఇంత చప్పగా చెప్పను డ్వేన్."

అయినా నమ్మలేదు. మిగతా రెండు టవర్లనూ అడిగాను. వాళ్ళకు కనబడలేదన్నారు. ఐదు నిమిషాలకోసారి ఆవిడ అదే వాక్యం చెప్పింది. నైరుతి, పద్నాలుగు, బూడిద రంగు. అరవలేదు, తిట్టలేదు. ఇరవై ఐదు నిమిషాల తర్వాత చూసి రమ్మని విమానం పంపాను. అది దుమ్ము కాదు, మంట. ఆవిణ్ణి దించడానికి హెలికాప్టర్ వెళ్ళేసరికి టవరు పొగలో మునిగిపోయింది. దిగడానికి వీల్లేక వెనక్కి వచ్చింది. మర్నాడు ఉదయం తీసుకొచ్చారు. అప్పటికే ఊపిరితిత్తులు పాడైపోయాయి.

నిబంధన ప్రకారమే చేశావు అన్నారు పై అధికారులు. రెండో టవరు కూడా చూశానంటేనే ఖాయం చేసుకోవాలట. కానీ ఆ రోజు నన్ను ఆపింది నిబంధనా? కాదు. కథలు రాసే మనిషి కదా అన్న చులకన.

ఆసుపత్రికి వెళ్ళాను. కాళ్ళ మీద పడదామనుకున్నాను. మాస్కు పక్కకు లాగి ఆవిడే అంది: "నా సంగతి వదిలెయ్. తూర్పు టవరులో నోరీన్ ఉంది. మొన్నటి దాకా స్కూలు బస్సు నడిపింది, ఇదే మొదటి వేసవి. మాట్లాడితే గొంతు వణుకుతుంది. ఎవరూ నమ్మరేమోనని నాకు దిగులుగా ఉంది." తన ఊపిరి గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ పుస్తకాల గురించి గొప్పవాళ్ళు...

క్షమించండి. కార్యాలయం నుంచి ఏదో చీటీ ఇచ్చారు. ఒక్క నిమిషం.

నోరీన్ చెప్పిందట. నదికి ఇవతల, మిల్లు వెనక, పొగ. ఇంకే టవరుకూ కనబడలేదని కింద రాశారు. ఊరు వదలమని ఉత్తర్వు ఇంకా రాలేదనీ రాశారు.

దుమ్ము కావచ్చు. ఈ మనసు అప్పుడే ఆ మాట అంటోంది చూడండి.

మిత్రులారా, దయచేసి అందరూ లేచి నిలబడండి. వెర్నా కోసం ఒక నిమిషం మౌనం పాటించాలి. ఆ మౌనం నడుస్తూ పాటిద్దాం. ఎవరూ మాట్లాడవద్దు, ఎవరూ పరుగెత్తవద్దు. పిల్లల చేతులు పట్టుకోండి. బెర్నీస్, పెద్దవాళ్ళను నీ బండిలో ఎక్కించుకో. ఉత్తరం రోడ్డు పట్టండి, ఉత్తర్వు కోసం చూడకండి. నేను వెళ్ళి రేడియోలో నోరీన్‌కి చెబుతాను, నీ మాట విన్నామని.