గోవిందరాజులుగారి నాలుక

ఆర్.కె. పురంలో టీకొట్టు పక్కన పైపుల కోసం తవ్విన గోతిలో మీరేం చూశారో చెప్పండి. దుమ్మేనా? మట్టిలో తెల్లటి సున్నపు గడ్డలు కనబడలేదా? కనబడవు. గోవిందరాజులుగారికైతే అక్కడ ఏనుగులు కూడా కనబడ్డాయి.

ఆయన ఎప్పుడో పూడిపోయి రాయిగా మారిన పాత నేలల్ని పరిశోధించి రిటైరైన శాస్త్రవేత్త. టీకొట్టు బెంచీ మీద ఆయనకి ఎదురుగా గుమాస్తా మనోహర్, అతని కూతురు మైథిలి. ఆ పిల్ల అదే పరిశోధనలో చేరతానంటోంది. ఉద్యోగమిస్తామన్న నోయిడా కంపెనీవాళ్లకి సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. పెద్దాయన నచ్చజెప్పి మాన్పిస్తాడని మనోహర్ ఆశ.

“మొదట్లో నేనూ అందరిలాగే మట్టిని పంటికింద వేసుకుని చూసేవాణ్ణమ్మా, గరగరలాడితే ఒండ్రు, జిగురుగా ఉంటే బంకమన్ను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుక పదునెక్కింది. చిటికెడు నాకి, ఆ కాలంలో అక్కడ మంగళవారాలు వాన పడేది కాదని చెప్పేశాను.”

“అప్పుడు వారాలెక్కడివి సార్?”

“నీకు తెలీదు మనోహర్, మట్టికి తెలుసు. ఇదిగో ఈ గోతి దగ్గరే ఓ ఏనుగు నిలబడింది. ఆడది. మొగుడి మీద అలిగి యమున దాటిపోయింది. విదేశాలవాళ్లు నా నాలుకకి ఇన్సూరెన్స్ చేస్తామంటే, ఠీక్ హై, ఆలోచిస్తానన్నాను.”

మాన్పించడం దేవుడెరుగు, ఈయన పిల్లని ఇప్పుడే గోతిలోకి దింపేలా ఉన్నాడని మనోహర్‌కి గుబులు పట్టుకుంది.

మైథిలి వంగి, బెంచీ కింద నుంచి ఏదో ముక్క తీసి నలిపి ఇచ్చింది. “ఇది చూడండి అంకుల్.”

ఆయన కళ్లు మూసుకుని నాలుక మీద వేసుకున్నాడు. “రెండు కోట్ల ఏళ్లు. చుట్టూ అల్లం వనం. ఏలకులు. పాల జాడ కూడా ఉంది, ఆవులు మేసేవి.”

“మీరు ఇందాక టీ తాగి పడేసిన మట్టి కప్పు, ఆ కుల్హడ్ ముక్క అంకుల్ అది.”

“అచ్ఛా,” అన్నాడు టీకొట్టు భయ్యా. “అల్లమే వెయ్యలేదని నన్ను తిట్టారు కదా సాబ్.”

మనోహర్‌కి ప్రాణం లేచొచ్చింది. “చూశావా? జన్మంతా మట్టి తింటే మిగిలేది ఈ కోతలే. నోయిడాకి ఒప్పుకో.”

మైథిలి గోతి అంచు నుంచి ఓ తెల్ల గడ్డ తెచ్చి పగలగొట్టింది. లోపల సన్నటి బెజ్జం. “ఇక్కడ ఒక వేరు ఉండేది నాన్నా. ఏ చెట్టుదో నాకు తెలీదు. తెలీదని చెప్పి, వెతకడమే ఈ చదువు.”

గోవిందరాజులు ఆ గడ్డ అందుకున్నాడు. ఈసారి నాలుక మీద పెట్టుకోలేదు.

బెంచీ మీద మైథిలి ఫోన్ మోగింది. నోయిడా నుంచి. అది తండ్రి చేతికే దగ్గరగా ఉంది. మీరైతే ఎత్తి సరేనంటారా, కూతురి చేతికిస్తారా?