గవరయ్య మాస్టారి ఎదురుగాలి

ఏటమ్మా ధాత్రీ, లెక్కా? విమానం గాలివాటుకి ఎల్లి, ఎదురుగాలికి తిరిగొస్తాదా? ఓలమ్మ, ఈ లెక్క ఇంకా బతికే ఉందేటి! మన ఖిదిర్‌పూర్ కోటర్స్‌లో దీని పేరెత్తితే ఒకప్పుడు పెద్దోళ్లే తల దించుకునీవోరు. మా గవరయ్య మాస్టారు సంగతి నీకెవలూ సెప్పలేదా? పోయి చానాకాలమైందిలే. మాస్టారంటే బడి మాస్టారు కాదు, కార్పొరేషన్ నీళ్ల పంపు కాడ డూటీ. కోటర్స్‌లో మెట్రిక్ పాసయిన మొదటోడు. అదీ ఆయన దర్జా! సాయంత్రం గుంటలందర్నీ వరండాలో కూకోబెట్టి ఊరికే లెక్కలు సెప్పీవోడు. ఇస్త్రీ సొక్కా, జేబులో రెండు పెన్నులు. ఒకటి రాయదు, అది వేరే కత.

లెక్కేటంటే, విమానం గంటకి రెండొందల మైళ్లు పోతాది. గాలి వంద. గాలా తుపానా అనడక్కు, లెక్కల్లో అలాగే వీస్తాది. మూడొందల మైళ్లు ఎల్లి రావాలి, ఎంతసేపు? మాస్టారు సుద్దముక్క గాల్లో తిప్పి, "ఒరే, ఎల్లినప్పుడు తోసింది, వచ్చినప్పుడు ఆపింది. చెల్లుకు చెల్లు! గాలిని మర్చిపోండి. మొత్తం మూడు గంటలు" అనీసినాడు. మాకెంత సంబరమో! పరీక్షలో అదే లెక్క వచ్చింది. మాది బెంగాలీ బడి కదా, చెల్లుకు చెల్లుని వాళ్ల మాటలో "శోధ్‌బోధ్" అని పెట్టి, అందరం మూడు గంటలు రాసీసినాం.

హెడ్‌సారు కాయితాలు పట్టుకొచ్చి, "కీ రే, ఎటా అంకో, నా ఝగ్డా?" అన్నాడు. చెల్లుకు చెల్లనడానికి ఇది లెక్కా, కొట్లాటా అని. అందరిదీ ఒకే మాట, ఒకే తప్పు. కాపీ కొట్టినారు, తెలుగు గుంటల పేర్లు కొట్టీస్తానన్నాడు. మా అక్క సత్యవేణి ఒకటే ఏడుపు. అప్పమ్మ పెద్దమ్మ మాస్టారి కాడికి పరిగెట్టి, "నువ్వొచ్చి సెప్పకపోతే మా పిల్లలు దొంగలైపోతారు నాయనా" అంది.

వచ్చినాడమ్మా. గోడ పక్కనే నడుసుకుంటా వచ్చి, "దాదా, పిల్లలు కాపీ కొట్టలేదు. తప్పు సెప్పింది నేను" అన్నాడు. హెడ్‌సారు తిట్టినా బాగుణ్ణు. నవ్వి, బోర్డు మీద ఏసి సూపించినాడు. పోయినప్పుడు మూడొందల వేగం, ఒక గంట. వచ్చినప్పుడు వందే, మూడు గంటలు. కలిపితే నాలుగు. "తోసింది గంటసేపే మోశాయ్, ఆపింది మూడు గంటలు. శోధ్‌బోధ్ ఎలాగవుతాది?" అన్నాడు. మోశాయ్ అంటే అయ్యగారూ అని. మాస్టారు మా బెంచీ సివర కూకుని, మాతోపాటే రాసుకోబోయినాడు. సేతికొచ్చింది రాయని పెన్నే. అక్క పెన్సిలిచ్చింది. ఆయన మా మొకాలు సూడలేదు, మేం ఆయన మొకం సూడలేదు.

పేర్లు కొట్టలేదులే, పైక్లాసుకి పంపినారు. ఆ సాయంత్రం అలవాటుగా ఎల్లినాం. తలుపు మూసుంది. "మాస్టారూ" అని పిలిసినాం. లోపల్నుంచి ఆయన గొంతే, "మాస్టారు లేరమ్మా, ఎల్లిపోండి" అంది. ఆ గొంతు మాకు తెలీదేటి? అక్క తలుపుకి దగ్గరగా ఎల్లి, "అలాగేనండి. ఆయనొచ్చేక మేం పాసయినామని సెప్పండి" అంది.

...ఆఁ. మీ అమ్మ బజారునుంచి వచ్చిందేమో సూడు.