దేవరాజ్‌కు మిగిలిన మాటలు

మన దిబ్బూరహళ్ళి పట్టు రైతుల సంఘం పెద్ద మునికృష్ణప్పా, మా వాడితో ఆకు కోసినోళ్ళు, పట్టుగూళ్ళు మార్కెట్టుకు మోసినోళ్ళు, అమ్మల్లారా, అందరికీ దండాలు. నేను దేవరాజ్ తల్లి మునిలక్ష్మమ్మను. మూడో తరగతి దాకానే చదివినా. మాట తడబడతాదని రాసుకోనొచ్చినా. వాడు పోయి ఈ పొద్దుకు పదకొండు దినాలు. వాడు మంచోడని మీరంతా చెప్పినారు. నేను నా కడుపుమంట చెప్తాను, వినండి.

పోయినేడు వాడికి స్ట్రోక్ వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళకే! కాలూ చెయ్యీ బాగైనాయి. పేర్లు మాత్రం నోట్లోంచి పోయినాయి. మాట నేర్పించే రక్షితమ్మ దగ్గరికి చిక్కబళ్ళాపురం పిల్చుకోనిపోయినాము. ఆయమ్మ దువ్వెన చూపిస్తే "దువ్వుకుంటాము" అన్నాడు. కత్తి చూపిస్తే "కోస్తాము" అన్నాడు. దువ్వెన అనలేడు, కత్తి అనలేడు. తలకాయలో పేర్లు నడిచే దావ వేరంట, పనుల మాటలు నడిచే దావ వేరంట. వీడికి పేర్ల దావలో దెబ్బ తగిలిందంట.

నాకెందుకమ్మా అదంతా? నన్ను చూపించి అడగమన్నాను. "ఈమె ఎవరప్పా?" అనింది. వాడు నన్ను చానాసేపు చూసి "పెడతాది" అన్నాడు. అన్నం పెడతాదని. అంతే. హోటల్లో వడ్డించేదాని మాదిరి! ఆపైన వాని పెండ్లాం సుమను చూపించింది. వాడు నగినాడు. "ఉంటాది" అన్నాడు.

వింటిరా? కన్నదేమో పెడతాది. పన్నెండేళ్ళ కిందట వచ్చిందేమో ఉంటాది. ఆ పొద్దు బస్సులో నేను సుమ పక్కన కూర్చోలేదు.

ఇంటికొచ్చినాక ఊరుకున్నానా? తెల్లారితే గిన్నె చేతిలో పట్టుకోని "నేనెవర్రా? అమ్మ అను" అని పీడించినా. నోరు తిరగక వాని నొసట చెమట పట్టేది. సుమ ఒక్కనాడూ అడగలేదు. పట్టుపురుగులు సాకే ఇంట్లో ఇద్దరూ పనిచేస్తాంటే నేను వాకిట్లో నిలబడి చూసేదాన్ని. వాడు "కొయ్యి" అంటే ఆమె ఆకు కోసుకొచ్చేది. "పండినాయి" అంటే పురుగులు ఏరి గూళ్ళు కట్టేదానికి చంద్రిక తట్టలో వదిలేది. ఒక్క పేరు లేకుండా నాలుగు పంటలు తీసినారప్పా! ఎంత బాగా మాట్లాడుకుంటాండారో అని నాకు కుళ్ళు. నేను లోపలికి పోతే వాడు నోరు మూసుకునేవాడు. మళ్ళీ అడుగుతానని భయం.

కడపటి పొద్దు వానికి ముద్ద పెట్టి లేచినా. వాడు నా కొంగు పట్టుకున్నాడు. "ఉండు" అన్నాడు. ఎవరితో? సుమతో కాదు, నాతో! నేనేం చేసినా? "నేనెవరో చెప్పు, ఉంటాను" అన్నా. వాని పెదవులు ఆడినాయి. మాట రాలేదు. డైరీకి పాలు పోసే పొద్దయిందని కొంగు విడిపించుకోని పోయినా. తిరిగొచ్చేతలికి మళ్ళీ స్ట్రోక్ వచ్చి, వాని తల సుమ ఒడిలో ఉండాది. ఊపిరి లేదు.

ఆ కాసేపు నాది. నాకని వాడే ఇచ్చింది. సుమకు దక్కింది. సుమా, ఇప్పుడూ నిన్ను చూస్తే నాకు మంటే, దాచను. అయినా రా, నా పక్కన నిలబడు.

అందరూ లేయండప్పా, లేయండమ్మా. రెండు నిమిషాలు ఎవరూ పలకొద్దండి.

దేవరాజా, ఇంక నిన్నేమీ అడగను. ఉంటాను.