మోకాలి సంగతి అడగని గొంతు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఇద్దరే: అమ్మ, చిన్నమ్మాయి. పెద్దమ్మాయి జబ్బుచేసి పోయాక, ఆమె గొంతుతో పలికే చిన్న స్పీకరు వంటింటి గట్టు మీద అలాగే ఉండిపోయింది.

“దీన్నేం చేశావే?”

“ఏం చెయ్యలేదమ్మా.”

“ఏం చెయ్యకపోతే నావైపు చూడు. మీ అక్క పోయిన వారానికే ఇది మూగబోయింది. నిన్న మళ్ళీ పలికింది. దానంతటదే పలికిందా?”

“ప్రోగ్రాం కొంచెం మార్చాను. అంతే.”

“కొంచెమంటే?”

“ఒక్క మాట. స్టాటిక్ అని పెట్టాను.”

“నాకర్థమయ్యేలా ఏడువు.”

“ప్రోగ్రాంలో క్లాసంటే అచ్చనుకో. ఆబ్జెక్టంటే అందులోంచి తీసిన బొమ్మ. అక్క ఈ ప్రోగ్రాం రాసినప్పుడు పలకరించే పని బొమ్మది. అక్క ఫోను పనిచేస్తేనే ఆ బొమ్మ తయారయ్యేది. ఫోను ఆగిపోయింది. బొమ్మ లేదు, పలకరింపూ లేదు.”

“ఇప్పుడో?”

“స్టాటిక్ అని పెడితే అచ్చే పలకరిస్తుంది. బొమ్మ అక్కర్లేదు.”

“అంటే, మీ అక్క లేకపోయినా.”

“ఊఁ.”

“మరి మోకాలి సంగతి అడగదేం?”

“అమ్మా, పాలు పొంగుతాయి...”

“పొంగనీ. రోజూ అడిగేది. ‘ఎడమ మోకాలు ఎలా ఉంది, రాత్రి దగ్గొచ్చిందా’ అని. ఇప్పుడేమో ‘లేచావా అమ్మా, మాత్ర వేసుకో’. అంతే. పొద్దున స్నానాలగదిలో జారిపడి, కుంటుకుంటూ వచ్చానా, అదే మాట. అదే హుషారు.”

“పడ్డావా? నాకు చెప్పలేదేం?”

“నువ్వడిగావా? సరేలే. ఎందుకడగదో అది చెప్పు.”

“నీ మోకాలూ దగ్గూ అన్నీ అక్క బొమ్మలోనే దాచింది. స్టాటిక్‌కి అవి అందవు. దానికి ఎవరి సంగతీ తెలీదు. నీదీ, అక్కదీ.”

“తీసెయ్.”

“నువ్వు మాత్రలు మానేశావమ్మా. గుండె మాత్రలు. అక్క గొంతు వింటేనైనా వేసుకుంటావని...”

“తీసెయ్యమన్నానా?”

“నా మాట వినవుగా నువ్వు.”

“ఏ మాట? మాత్ర గ్లాసు పక్కన పెట్టేసి, పిల్లిలా జారుకుంటావు. అది పోయిన దగ్గర్నుంచీ నాతో నోరు విప్పావా? మనిషి లేకపోయినా పలికేదాన్ని చెయ్యడానికి తిండీ నిద్రా మానుకుని కూర్చున్నావు. మనిషివి, ఇంట్లో నువ్వున్నావు కదే.”

“అమ్మా... మోకాలు ఎలా...”

“ఇప్పుడొద్దు. చెయ్యి తియ్యి, నలుగుతుంది. నా గది తలుపు వేసుకుంటున్నాను.”