ఏడుపు బిట్టు

నాచారంలో మహిపాల్ పడకగదే స్టూడియో. గోడలకు బొంతలు వేలాడదీశాడు. చనిపోయినవాళ్ల మీద పాటల ఆల్బంలు చేసి ఇస్తాడు. హిమజ పాడుతుంది.

"ఆపు. మహిపాలన్నా, ఆపు జర. మళ్ల వెనుకకు పో."

"ఏంది చెల్లె, రేపే కనకరాజు తాత దినాలు. మల్కాజిగిరోళ్లు పొద్దుగాలనే వస్తరు. నువ్వింక రెండు పాటలు పాడాలె."

"వెనుకకు పో అన్న గదా. చరణం అయినంక... గది. గా ఏడుపెవరిది?"

"ఎవరిదో. ఎఫెక్ట్ గది."

"ఎఫెక్టా? నా గొంతు నాకెర్క లేదా?"

"సరే, నీదే. అయితే ఏమాయె?"

"నేను గీ కనకరాజు తాత పాటల ఏడ్వనే లేదు. గాయన మొకం గూడ ఎన్నడు సూడలే."

"పోయినేడు మీ నాయన ఆల్బం జేసినప్పుడు ఏడ్చినవు సూడు. అప్పటిది."

"గది తీసేయమన్న గదా."

"తీసేసిన. మీ నాయన పాటలకెల్లి తీసేసిన. పారెయ్యలే."

"ఛీ."

"గట్లనకు. గసొంటి ఏడుపు అడిగితే ఎవలేడుస్తరు? ఎంత ట్రై జేసినా డ్రామా లెక్కనే ఉంటది."

"ఎన్నిట్ల వెట్టినవ్?"

"ఎక్కువ లేవు."

"ఎన్నిట్ల?"

"చర్లపల్లి సేటు తల్లికి. ఉప్పల్ల బుచ్చిరాములు సారుకు. ఇంక నాలుగైదు. పోచారం అపార్ట్‌మెంటోళ్లకు ఒకటి."

"పోచారంల ఎవరు పోయిన్రు?"

"ఎవరో ఒకలు పోయిన్రు తియ్."

"ఎవరన్నా?"

"వాళ్ల కుక్క."

"కుక్కకు నా ఏడుపు వెట్టినవా?"

"మస్తు పావురంగ, కన్నబిడ్డ లెక్క పెంచుకున్నరంట. పాపం, గా ఇంటామె అన్నమే తినలేదంట."

"నీ మైకు ముందట నిలవడాలంటేనే రోతొస్తుంది. శరం లేదా నీకు? మనిషి చచ్చిన కాడ గూడ కట్టు, పేస్టేనా?"

"నీకు రోత. వినేటోళ్లకు కాదు. బుచ్చిరాములు సారు కొడుకులకు ఒకలతోని ఒకలకు మాటల్లేవు, ఎర్కేనా? గీ బిట్టు వచ్చినంక ఒకల మీద ఒకలు వడి ఏడ్చిన్రు. నా కండ్లతోని సూసిన."

"డిలీట్ చెయ్."

"రేపటిది కానీ, అటెనుక..."

"ఇప్పుడే. నా ముందట. లేకుంటే గా రెండు పాటలు నువ్వే పాడుకో. రేపు దినాలకు మా అమ్మ గూడ పోతది. కనకరాజు తాత ఆమెకు తెలిసినోడే. వింటే గుర్తువడుతది."

"గుర్తువడితే మంచిదే గదా. బిడ్డకు తండ్రి మీద గింత ప్రేమ ఉండెనా అని సంబురపడుతది. ఏడ్చినందుకు గూడ ఇజ్జత్ పోతదా చెల్లె?"

"గప్పుడు నేనేం పాడుతున్న? ఏ లైను కాడ వచ్చింది గది?"

"ఏదో... నాయన చరణం."

"లైను చెప్పు. నువ్వే రాసినవ్ గదా."

"'ఏనాడు చెయ్యెత్తని నాయనా' అని. గది అందరికి రాస్త గదా, నీ ఒక్కదానికేనా?"

"మా అమ్మ చెయ్యి రెండు మార్లు ఇరగ్గొట్టిండన్నా మా నాయన. గా లైను కాడికి వచ్చినంక నాకు నవ్వొచ్చింది. నోరు మూసుకున్నా ఆగలే. నువ్వు ఇంటింటికి పంచింది నా నవ్వు."