స్పాయిలర్‌కు కట్టిన తాడు

తేదీ 13 మే 2025, మంగళవారం. ఉదయం 11 గంటల 10 నిమిషాలు. సిద్దిపేట.

నా పేరు గుండెల్లి దామోదర్. తండ్రి పేరు లక్ష్మీరాజం. నాకు 49 ఏళ్లు. పదో తరగతి పాసయ్యాను. సొంతూరు జగదేవ్‌పూర్ మండలంలో ఒక పల్లె. పన్నెండేళ్లుగా సిద్దిపేటలో, ముస్తాబాద్ చౌరస్తా దగ్గర, కార్లకు సీటు కవర్లు, మ్యాట్లు, హారన్లు, సామాను పెట్టుకునే ర్యాక్‌లు బిగించే దుకాణం నడుపుతున్నాను. దుకాణం పేరు స్వరాజ్యం కార్ డెకార్స్. స్వరాజ్యం నా భార్య పేరు. ఆమె కూడా దుకాణంలోనే కూర్చుంటుంది. దుకాణం పెట్టక ముందు ట్రాక్టరు నడిపాను. వరిగడ్డి లోడ్లు కట్టాను.

చేర్యాల రోడ్డు మీద సైకిల్ పోయిన విషయంలో నాకు తెలిసింది చెబుతున్నాను. నిన్న సాయంత్రం ఎస్సై గారికి నోటితో చెప్పాను. ఈ రోజు రాయించడానికి నేనే వచ్చాను. ఎవరూ బలవంతం చేయలేదు.

మే 7, బుధవారం సాయంత్రం 5 గంటలకు శ్రీవర్ధన్, అతని భార్య అనూహ్య మా దుకాణానికి వచ్చారు. శ్రీవర్ధన్‌ది బజార్లో బట్టల దుకాణం. వాళ్ల నాన్న కాలం నుంచి నాకు పరిచయం. అనూహ్య జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. ఆమెకు సన్న టైర్ల సైకిల్ ఒకటి ఉంది. ఆదివారం పూట దాన్ని కారు మీద వేసుకుని, ఊరు దాటాక, చేర్యాల దిక్కు ఖాళీ రోడ్డు మీద తొక్కాలని ఆమె కోరిక. నేను సైకిల్‌ను ఒక చేత్తో లేపి చూశాను. తేలికగా ఉంది.

వాళ్ల కారుకు వెనుక అద్దం పైన రెక్కలాగా బయటికి వచ్చిన ప్లాస్టిక్ ముక్క ఉంది. దాన్ని స్పాయిలర్ అంటారు. మేం దుకాణంలో రెక్క అనే అంటాం. దాని కింద చెయ్యి దూరేంత సందు ఉంటుంది.

నా దగ్గర సైకిల్ ర్యాక్‌లు మూడు రకాలున్నాయి. మొదట, కారు పైకప్పు మీద బిగించేది చూపించాను.

శ్రీవర్ధన్ ఒప్పుకోలేదు. "మా ఇంటి ముంగటి స్లాబు కిందికున్నదన్నా. యాదిమరిచి లోపలికి తోలిన్ననుకో, సైకిల్ పోయి స్లాబుకు తాకుతది" అన్నాడు.

"యాదిమరిచి కాదు, తప్పకుంట తోల్తడు" అన్నారు అనూహ్య. "పోయిన నెల గేటు తీయకుంటనే రివర్స్ కొట్టిండు."

రెండోది బంపర్ కింద ఇనుప కొక్కెం బిగించి దాని మీద నిలబెట్టేది. అది గట్టిది. కానీ సైకిల్ నంబరు ప్లేటుకు అడ్డం వస్తుంది. రోడ్డు మీద కెమెరాలున్నాయని శ్రీవర్ధన్ దానికీ ఒప్పుకోలేదు.

మూడోది పట్టీలది. కింది కాళ్లు బంపర్ మీద ఆనుతాయి. పై పట్టీల కొక్కేలు డిక్కీ తలుపు పై అంచుకు తగిలిస్తాం. ఈ కారుకు ఆ అంచు మీదనే రెక్క ఉంది.

"గీ కారుకు గిది పట్టది తమ్మీ. రెక్క అడ్డమొస్తది" అని చెప్పాను.

"అట్లయితే రెక్క పీకేయండి" అన్నారు అనూహ్య.

"ఏం మాట్లాడుతున్నవ్? కారు కొన్నదే రెక్క జూసి."

స్వరాజ్యం గల్లా దగ్గర నుంచి నవ్వింది. "రెక్క ఆయనది, సైకిల్ ఆమెది. నడుమ మా ఆయన పానం తీస్తున్రు" అంది.

నేను అక్కడ ఆగాల్సింది. శ్రీవర్ధన్, "నీతోని కాకపోతే చెప్పన్నా, హైదరాబాద్ తీస్కపోత" అన్నాడు. నేను ఆగలేదు. రేపు పొద్దున కారు తెమ్మన్నాను.

మే 8, గురువారం ఉదయం 6 గంటలకు కారు తెచ్చారు. వరిగడ్డి లోడు కట్టేటప్పుడు గడ్డి మీద అడ్డంగా వెదురు బొంగు పెట్టి, మోకును దాని మీద నుంచి వేసి కిందికి లాగి బిగిస్తాం. బొంగు ఉంటే లోడు కదలదు. నేను రెక్కను ఆ బొంగు అనుకున్నాను. రెక్క రెండు మూలల్లో నైలాన్ తాడు చుట్టి, ర్యాక్ పై పట్టీలను ఆ తాడుకు కట్టాను. ముడి గడ్డి లోడు ముడి. సైకిల్ జారకుండా ర్యాక్ చేతులకు రబ్బరు బెల్టు వేశాను. బెల్టు చివర ఉక్కు కొక్కెం ఉంటుంది.

సైకిల్‌కు బదులు 25 కిలోల విత్తనాల బస్తా వేలాడదీసి, 6 గంటల 50 నిమిషాలకు పొన్నాల దాకా పోయి వచ్చాను. ఏమీ కదలలేదు. అది చల్లటి పూట. తరువాత మూడు రోజులు ఆ కారు తాడు బిగించినట్టే ఉండి, బట్టల దుకాణం ముందు ఎండలో నిలబడింది. రెక్కను పట్టి ఉంచేది లోపల రెండు స్క్రూలు, మిగతా అంతా జిగురు. జిగురు ఎండకు మెత్తబడుతుంది. ఇది నాకు తెలుసు. తెలిసీ ఆలోచించలేదు.

మే 11, ఆదివారం ఉదయం 7 గంటల 40 నిమిషాలకు శ్రీవర్ధన్ ఫోన్ చేశాడు. 6 గంటలకు బయలుదేరారట. 7 గంటల 5 నిమిషాలకు చేర్యాల రోడ్డులో ఒక హోటల్ ముందు ఆగి, లోపల కూర్చుని టీ తాగారట. బయటికి వస్తే సైకిల్ లేదట. ర్యాక్ ఒక పక్కకు ఒరిగి వేలాడుతోందట.

"అన్నా, దానంతట అదే పడిపోతదా?" అని అడిగాడు.

"నేను కట్టింది ఊడది. పన్నెండేండ్లల్ల ఒక్కటి ఊడలే" అన్నాను.

"మరి తొవ్వల యాడనన్న పడ్డదేమో అంటున్నది అనూహ్య."

"పడది తమ్మీ. మీరు టీ తాగుతుంటే ఎవడో గుంజుకపోయిండు."

కారును చూడకుండానే ఈ మాట చెప్పాను. కారు వెనుక అద్దానికి ఎండ తగలకుండా నల్ల జాలీ వేసింది కూడా నేనే. దాని వల్ల నడిపే మనిషికి వెనుక సైకిల్ ఉందో లేదో సరిగా కనిపించదు. అది కూడా అప్పుడు గుర్తు రాలేదు. నా మాట మీద శ్రీవర్ధన్ 10 గంటలకు పోలీసులకు దొంగతనమని దరఖాస్తు ఇచ్చాడు.

మే 12, సోమవారం సాయంత్రం 5 గంటలకు నన్ను స్టేషన్‌కు పిలిచారు. సైకిల్ దొరికిందని, ర్యాక్‌ను చూసి, తాడు ఎవరైనా విప్పారా, కోశారా చెప్పాలని అన్నారు. శ్రీవర్ధన్, అనూహ్య అప్పటికే ఉన్నారు. బల్ల మీద పర్శరాములు అనే రైతు కూర్చుని ఉన్నాడు. వయసు అరవై దాకా ఉంటుంది. తల మీద, మెడ మీద వడ్ల దుమ్ము ఉంది. చేర్యాల రోడ్డు పక్కన వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర, అతని వడ్ల కుప్ప పక్కన, పరదా కింద సైకిల్ దొరికిందని కానిస్టేబుల్ చెప్పాడు. ఆ జాగ టీ హోటలుకు నాలుగు కిలోమీటర్లు ఇవతల, సిద్దిపేట వైపు ఉంది.

ఎస్సై గారు అతన్ని అడుగుతుంటే నేను అక్కడే ఉన్నాను.

"పొద్దుగాల ఏడు అయితుండె సార్. కారు స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరింది. సైకిల్ జారి వచ్చి మా వడ్లల్ల పడ్డది. ఓ అని మొత్తుకుంట ఉరికిన. కారు ఆగలే" అన్నాడు పర్శరాములు.

"నడుస్తున్న కారు మీదికెళ్లి పడితే సైకిల్‌కు ఒక్క గీకు లేదేంది?"

"వడ్లల్ల పడ్డది సార్. మోకాలు మందం ఆరబోసి ఉన్నయ్."

"మరి పరదా ఎందుకు కప్పినవ్?"

"ఎండ సార్. గా టైర్లు జూస్తే ఉల్లిపొట్టు లెక్కున్నయ్."

"స్టేషన్ల ఇయ్యాలని తెల్వదా?"

"కుప్ప ఇడిసి ఎట్ల వస్త సార్? నా నంబర్ ఇరవై మూడు. ఇయ్యాల్నే కాంటా. మనిషి లేకుంటే కాంటా ముంగటికి పోతది. మళ్ల నా దినం ఎప్పుడొస్తదో."

అతను చూసినట్టు చెప్పడానికి భార్య కిష్టవ్వ తప్ప ఎవరూ లేరు. మిగతా రైతులు ఆ సమయంలో ఊళ్లోకి పోయారట. కూర్చున్నంత సేపూ అతను గోడ గడియారం చూశాడు. ప్రతి మాట చివర ఇరవై మూడు అన్నాడు.

నేను బయటికి పోయి కారు చూశాను. ఎడమ మూల దగ్గర రెక్క రెండు వేళ్ల మందం పైకి లేచి ఉంది. లేచిన సందులో జిగురు దారాలు సాగి ఉన్నాయి. తాడు చుట్టు ఆ మూల నుంచి జారి కిందికి వచ్చింది. తాడును ఎవరూ కోయలేదు. ముడిని ఎవరూ విప్పలేదు. నా ముడి నేను వేసినట్టే ఉంది. దొంగ అయితే ముడి విప్పాలి, లేదా కోయాలి. రబ్బరు బెల్టు ఉంది, దాని చివర కొక్కెం లేదు.

నాకు అక్కడే అర్థమైంది. లోపలికి పోకుండా గేటు దగ్గర నిలబడి స్వరాజ్యంకు ఫోన్ చేశాను.

"ముడి ఊడలే. రెక్క లేచింది" అని చెప్పాను.

"ముడి మంచిగుంటే ఇగ నీకేం బాధ?" అంది.

"రెక్కకు కట్టింది నేనే గదా. లోపల ఒక ముసలాయనను కూసోబెట్టిన్రు."

"గది లోపలికి పోయి చెప్పు. నాకు చెప్తే ఏమొస్తది?"

"గిరాకీ పోతది. దామోదర్ కట్టింది ఊడిందంటరు."

"బోర్డు మీద నీ పేరు ఉన్నదా? నా పేరున్నది. పోతే నా పేరు పోతది. నువ్వు పో లోపలికి."

లోపలికి పోయి ఎస్సై గారికి చెప్పాను. అప్పుడు 5 గంటల 35 నిమిషాలు. ఆయన నన్ను కారు దగ్గరికి తీసుకుపోయి అంతా చూశారు.

"నిన్న ఫోన్‌ల వేరే తీరుగ చెప్పినవట గదా?" అని అడిగారు.

"కారు జూడకుంట చెప్పిన సార్. తప్పు నాదే" అన్నాను.

అనూహ్య, "తొవ్వల పడ్డదేమో అని నేను అప్పుడే అన్న" అని ఒక్కసారి మాత్రం అన్నారు. పర్శరాములు లేచి నిలబడి, "అట్లయితే నేను పోవచ్చునా సార్? ఇరవై మూడు" అన్నాడు. జాగ చూసిన తరువాత చెబుతానన్నారు ఎస్సై గారు.

జీపులోను, శ్రీవర్ధన్ కారులోను అందరం బయలుదేరాం. 6 గంటల 30 నిమిషాలకు కొనుగోలు కేంద్రానికి చేరాం. ఇంకా వెలుతురు ఉంది. కాంటా ముందర కిష్టవ్వ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. హమాలీలు సంచుల మీద కూర్చుని ఉన్నారు. ఇరవై నాలుగో నంబరు రైతు ఆమెను బతిమాలుతున్నాడు.

"మా ఆయన వచ్చేదాక కాంటా ఇంచు జరగది. జరగాల్నంటే నన్ను సంచిల పోసి కాంటా పెట్టున్రి" అంటోంది.

ఇరవై నాలుగో నంబరు అతను ఎస్సై గారితో, "సార్, మీరన్న చెప్పున్రి. మూడు గంటల సంది గిట్లనే" అన్నాడు.

సైకిల్ కట్టింది నేనని తెలిసి కిష్టవ్వ నా దగ్గరికి వచ్చింది.

"నువ్వేనా కట్టింది? ఏం కట్టుడయ్యా గది?"

"గడ్డి లోడు కట్టుడక్కా."

"గడ్డి పడితే గడ్డే. నువ్వు సైకిల్ పడేసినవ్. నా మొగన్ని దొంగను జేసినవ్."

నేను ఔనన్నాను.

స్పీడ్ బ్రేకర్ నుంచి వడ్లు ఆరబోసిన జాగ ఆరు అడుగుల దూరంలో ఉంది. కొక్కెం అక్కడే పడి ఉండాలని ఎస్సై గారికి చెప్పాను. వడ్లు అప్పటికే కుప్ప చేశారు. ఎట్లాగూ సంచుల్లోకి ఎత్తాలి కాబట్టి కాంటా మొదలు పెట్టమన్నారు. నేను, కానిస్టేబుల్ తట్టతో ఎత్తిన వడ్లను చేత్తో తడిమి సంచిలో పోశాం. సంచి మూతి పట్టడానికి మనిషి తక్కువైంది.

శ్రీవర్ధన్ ముందుకు వచ్చి, "ఏమనుకోకు పెద్దనాయినా, తెల్వక దరఖాస్తు ఇచ్చిన" అన్నాడు.

"అనుకునుడు తర్వాత. జర సంచి వట్టు" అన్నాడు పర్శరాములు.

శ్రీవర్ధన్ ఇస్త్రీ చొక్కాతోనే సంచి పట్టాడు. పదకొండో సంచి నింపుతుండగా, 7 గంటల 5 నిమిషాలకు, కొక్కెం నా చేతికే తగిలింది. వంగి, నోరు తెరుచుకుని ఉంది. ఎస్సై గారు దాన్ని బెల్టు చివరకు ఆనించి చూశారు. సరిపోయింది. కవరులో వేసుకున్నారు. పర్శరాములును స్టేషన్‌కు మళ్లీ రావలసిన పని లేదని అందరి ముందు చెప్పారు. పర్శరాములు తల ఊపి, తట్ట ఎత్తాడు. చివరి సంచి కాంటా అయ్యేదాకా మేం అక్కడే ఉన్నాం.

జీపులో తెచ్చిన సైకిల్‌ను ఎస్సై గారు అనూహ్యకు అప్పగించి సంతకం తీసుకున్నారు. ర్యాక్‌ను నేను అప్పటికే విప్పాను. ఇప్పుడు సైకిల్ ఎట్లా తీసుకుపోవాలని వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే పర్శరాములు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గింత పెద్ద కారు. లోపల జాగ లేదా?" అని అడిగాడు.

నేను వెనుక సీటు ముందుకు మడిచాను. సైకిల్ ముందు చక్రం తీశాను. ఈ సైకిళ్లకు చక్రం తీయడానికి పానా కూడా అవసరం లేదు. సైకిల్ లోపలికి పోయింది. డిక్కీ తలుపు పడింది. ఇంకా జానెడు జాగ మిగిలింది. అనూహ్య శ్రీవర్ధన్‌ను, నన్ను చూసి గట్టిగా నవ్వారు. కిష్టవ్వ కూడా నవ్వింది. నాకు సిగ్గయింది, కానీ మనసు తేలికగానే ఉంది.

పర్శరాములు సైకిల్ దొంగిలించలేదు. సైకిల్ పడిందని తెలిసి దాన్ని ఎండకు పాడు కాకుండా కాపాడాడు. అతని పేరు ఈ కేసులో ఎక్కడా దొంగగా ఉండకూడదని కోరుతున్నాను. ఇక మీదట రెక్క ఉన్న ఏ కారుకూ నేను పట్టీల ర్యాక్ కట్టను. ఈ మాట స్వరాజ్యం ఈ ఉదయమే అట్ట మీద రాసి దుకాణంలో తగిలించింది.

రాసినదంతా కానిస్టేబుల్ గారు నాకు చదివి వినిపించారు. ఒక చోట "సైకిల్ దానంతట అదే పడిపోయింది" అని ఉంది. దాన్ని కొట్టివేయించాను. "దామోదర్ స్పాయిలర్‌కు తాడు కట్టినందున పడిపోయింది" అని రాయించి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. మిగతాది నేను చెప్పినట్టే ఉంది. చెప్పింది జరిగినదే.

(సంతకం)
గుండెల్లి దామోదర్