మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు

కుర్చీ వద్దు డాక్టరమ్మా, మంచినీళ్లూ వద్దు. కూర్చుంటే చెప్పాల్సింది చెప్పకుండానే లేచి వెళ్లిపోతాను. మూడంతస్తులు ఎక్కించారు, ఆ లిఫ్టు ఎప్పటికి బాగుచేయిస్తారసలు? సర్లెండి, నేనొచ్చింది దానికోసం కాదు.

మొన్న ఫోన్ చేసి ఏమన్నారు? "మీ ఆయన దానం చేసిన మెదడులో కొత్త కణాలు కనిపించాయమ్మా" అన్నారు. తలలో యంత్రం పెట్టించుకోని పార్కిన్సన్స్ వాళ్లలో కంటే ఎక్కువే ఉన్నాయన్నారు. బహుశా ఆ యంత్రమిచ్చే కరెంటు వల్లేనేమో అన్నారు. అవి పూర్తి నరాల కణాలు అయ్యేవో లేదో, వాటివల్ల మేలుందో లేదో ఇంకా తెలీదన్నారు. ఆ మాటా విన్నాను, వినలేదనుకోకండి.

ఫోన్ పట్టుకుని వంటగదిలో నేలమీద కూలబడ్డాను. సంతోషంతో అనుకున్నారు మీరు. కాదు.

మీ ఫారంలో ఒక ప్రశ్న ఉంది చూడండి, యంత్రం రోజంతా ఆన్‌లోనే ఉండేదా అని. అవునని టిక్కు పెట్టాను. అబద్ధం.

ఆగండి, నన్ను చెప్పనివ్వండి.

ఆయన బోర్డులు రాసేవారు. జబ్బు ముందు అక్షరాల్లోనే దిగింది. మందులషాపు బోర్డు మూరెడు అక్షరంతో మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి బెత్తెడు చేశారు. షాపాయన నవ్వాడు. ఈయన నవ్వలేదు. తర్వాత చెయ్యి వణికింది. ఆ తర్వాత కాళ్లు నేలకి అతుక్కుపోయేవి. గుమ్మం దగ్గర నిలబడిపోయి, "ఏమే, నన్నో తోపు తొయ్యి" అనేవారు.

పదకొండేళ్లు. తినిపించడం, గుండీలు పెట్టడం, మంచంమీద పక్కకి తిప్పడం. అప్పుడు ఆపరేషనన్నారు. తలలో రెండు తీగలు, ఛాతీ చర్మం కింద బ్యాటరీ, నా చేతికో రిమోటు. ఆన్ చేసిన రోజు గ్లాసెత్తి చుక్క ఒలక్కుండా తాగారు. నర్సు కూడా కళ్లు తుడుచుకుంది.

మరి ఇంటికొచ్చాక? కుదురుంటేగా! అటకమీది డబ్బాలన్నీ దించడం, నిచ్చెనేది, బ్రష్షులేవి అని ఒకటే హడావిడి. మాట ముద్దముద్దగా వచ్చేది, నాకర్థం కాకపోతే కేకలు. రెండుసార్లు పడ్డారు కూడా. పడతారన్న భయంతోనే యంత్రం ఆపేదాన్నని మా చెల్లెలికి చెప్పాను. అది నమ్మింది. మీరూ నమ్మేవారే.

భయం కాదమ్మా. నాకు నిద్ర కావాలి. అంతే.

ఏదో గుండె పరీక్షకి కాసేపు ఆపాలని మీ ఆసుపత్రిలోనే బటన్ చూపించారు. ఒకరోజు భోజనమయ్యాక ఆయన కుర్చీలో కూర్చోగానే నొక్కాను. ముందు వేళ్లు వణికాయి. అరగంటకి మనిషి బొమ్మలా బిగుసుకుపోయారు. ఇల్లంతా నిశ్శబ్దం! పక్కగదిలో ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. నాలుగింటికి లేచి, ఆన్ చేసి, కాఫీ ఇచ్చాను.

ఈ ఒక్కరోజే అనుకున్నాను. ఎక్కడ! నాలుగేళ్లు.

ఒకసారి అడిగారు. "మధ్యాహ్నం పూట ఇది పనిచెయ్యట్లేదేమోనే, డాక్టర్ని కనుక్కుందామా?" అని. "వయసు కదండీ, అలిసిపోతున్నారు" అన్నాను. ఈ నోటితోనే. నా మొహంకేసి కాసేపు చూసి, సరేలే అన్నారు.

ఇప్పుడు చెప్పండి. నేను ఆపకపోతే ఆ కణాలు ఇంకా పుట్టేవా? ఆయనకి ఇంకో ఏడాది నడక మిగిలేదా? తల అడ్డంగా ఊపకండి. చెప్పలేమంటే నాకు సరిపోదు.

ఏంటా కాగితాలు? యంత్రంలోవా? ఎప్పుడు ఆపిందీ ఎప్పుడు వేసిందీ అన్నీ అదే రాసుకుంటుందా? అంటే... నా టిక్కు అబద్ధమని మీకు ముందే తెలుసా! తెలిసీ ఊరుకున్నారా?

ఇలా ఇవ్వండి. ఉండండి, కళ్లజోడు. ఆఁ, రెండింటికి ఆఫ్, నాలుగింటికి ఆన్. రెండు, నాలుగు. రెండు, నాలుగు.

ఇదేంటి, ఈ వారం? ఈ అయిదు రోజులూ నేను ఆపలేదే! అప్పుడు నాకు జ్వరం. లేవలేకపోయాను. చెల్లెలు పొద్దునొచ్చి ఇంత వండిపెట్టి వెళ్లిపోయేది, మళ్లీ ఆరింటికే రావడం. రిమోటు ఆయన పక్కన బల్లమీదే ఉండేది. ఇంట్లో ఉన్నది మేమిద్దరం. నేను నిద్రపోతున్నాను.

రెండింటికి ఆఫ్. ఆన్... ఆరుంబావుకి. అంటే చెల్లెలొచ్చి వేసిందన్నమాట. ఆపాక ఆయనకి చెయ్యి కదలదు కదా. నాలుగుగంటలకి పైగా ఆ కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నారు. నా నిద్ర చెడకూడదని.

ఆయనకి తెలుసు. ఎన్నాళ్లనుంచో మరి.

ఏమీ అనకండి డాక్టరమ్మా. ఆ ఫారం ఇలా తెండి, పెన్నివ్వండి. ఆ టిక్కు కొట్టేస్తున్నాను. ఎవరు ఆపారు అన్నచోట భార్య అని రాస్తున్నాను. ఆ అయిదు రోజులకీ కూడా భార్య అనే. ఎవరాపితే ఏంలెండి, మీ కణాలకి తేడా తెలుస్తుందా?